చిట్టెమ్మ మరిచిపోయిన పిడికెడు

సంత రోజు పొద్దున్న చిట్టెమ్మకి ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. దుప్పటి తల మీదుగా కప్పుకుని, వసారాలో చాప పరిచి, కుంచం తుడిచి పక్కన పెట్టుకుని, కొండ దిగి వచ్చే ఆడవాళ్ల కోసం కూర్చుంటుంది. డుంబ్రిగుడ సంత పది దాటితే గానీ పుంజుకోదు. ఈలోగా వాళ్లు రాజ్మా గింజలో, పసుపో, పిప్పళ్లో చిట్టెమ్మకి కొలిచి ఇచ్చి, ఆ డబ్బు కొంగున కట్టుకుని సంతలోకి నడుస్తారు.

కొలవడంలో ఆవిడకో పద్ధతి ఉంది. కుంచం నిండి, డబ్బు చేతిలో పెట్టాక, అందులోంచి ఒక పిడికెడు తీసి అమ్మిన మనిషి ఒళ్లో పోస్తుంది. "ఇది ఇత్తనానికి" అంటుంది. లోకంలో కొనేవాళ్లు కొసరు అడుగుతారు, ఈవిడ కొసరు తిరిగి ఇస్తుంది. వ్యాపారం తెలిసినవాళ్లు చూస్తే నవ్వుతారు. నవ్వితే నవ్వుకోనీ, వాళ్లమ్మా అలాగే కొలిచేది. గింజంతా అమ్ముకుని ఇంటికి పోయిన ఆడది వచ్చే ఏడు ఏం చల్లుతుందని ఆవిడ బాధ.

ఇలా పోగైన సరుకంతా కూతురు భాను ఊళ్లకి పంపుతుంది. విశాఖలో డిగ్రీ, కంప్యూటరు కోర్సూ చదివిన భాను నాలుగేళ్ల కిందట, రెండువేల ఐదులో, 'కొండపంట' అని ఒక వెబ్‌సైట్ పెట్టింది. హైదరాబాదు వాళ్లూ బెంగుళూరు వాళ్లూ అందులో చూసి డబ్బు కట్టేస్తే, అరకు పోస్టాఫీసు నుంచి పార్సిళ్లు పోతాయి. మనిషి మొహం చూడకుండా బేరమేమిటని మొదట్లో చిట్టెమ్మ నోరు వెళ్లబెట్టింది. ఇప్పుడు అట్టపెట్టెకి టేపు అంటించడంలో ఆవిడే ముందు.

ఆ పొద్దున్న నాలుగో బుట్ట గురుబారిది. చిట్టెమ్మ కంటే పదేళ్లు పెద్ద, ఎగువ ఊరు. గింజలు చాప మీద కుమ్మరించి, చేతులు దులుపుకుంటుంటే ఆమె బొటనవేలు చిట్టెమ్మ కంట పడింది.

"అప్పా, నీ యేలికి ఆ నీలమేటి?"

గురుబారి వేలు తిప్పి చూసుకుని నవ్వింది. "ఇదా? మొన్న బుధారం నీ గుంట మా ఊరొచ్చింది కాదేటి. కాయితం మీద ఏయించుకుంది. రుద్దినా పోనేదు."

"ఏటి కాయితం?"

"ఏటో. నాను అడగనేదు."

చిట్టెమ్మ గుండెల్లో రాయి పడింది. బుధవారం తను ఇక్కడ లేదు, చుట్టాలింట్లో చావైతే కొయ్యూరు వెళ్లింది. ఆ రెండు రోజులు చూసుకుని భాను కొండెక్కిందన్నమాట. చిట్టెమ్మ చేతులు వాటంతట అవే కుంచం నింపాయి, ఖాళీ చేశాయి, నమూనాకని కాసిని గింజలు కొంగున ముడివేశాయి, డబ్బు ఇచ్చాయి. గురుబారి ఒడి పట్టుకుని ఇంకాసేపు కూర్చుంది. చిట్టెమ్మ మొహంలోకి చూసింది. తర్వాత ఖాళీ బుట్ట ఎత్తుకుని లేచిపోయింది.

చిట్టెమ్మ ఉప్పు కొనాలన్న వంకతో సంతకి వెళ్లింది. ఆరోజు ఆవిడ మనుషుల మొహాలు చూడలేదు, చేతులు చూసింది. మిరపకాయలు ఎంచుతున్న సొంబారి బొటనవేలు నీలం. చీర బేరమాడుతున్న ఇంకొకామె వేలూ నీలమే. అల్లం గుట్ట దగ్గర మరో ఇద్దరు. అందరూ చిట్టెమ్మని చూసి నవ్వి పలకరించారు, కులాసాగా ఉన్నారు. ఆ కులాసా చూడలేక ఆవిడ మొహం తిప్పుకుంది. ఒక్కరన్నా "ఏటి సిట్టెమ్మా, నీ కూతురు మాసేత ఏటేయించుకుంది?" అని నిలదీస్తే బాగుండునని అనిపించింది. తనంతట తాను అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

తొమ్మిదేళ్ల వయసులో ఆవిడ ఆ రంగుని ఒకసారి ఇంట్లో చూసింది. అది వెళ్తూ వెళ్తూ ఏం పట్టుకుపోయిందో ఆవిడకి తెలుసు. ఉప్పు కొనకుండానే ఇంటికి తిరిగింది.

భాను పెట్టెల మధ్య కూర్చుని చిరునామాలు అంటిస్తోంది. ఐదో నెల దాటుతోంది, వంగుతుంటే ఆయాసం వస్తోంది.

"భానూ, ఆ కాయితాలెక్కడ?"

"ఏ కాయితాలమ్మా?"

"యేలిముద్రల కాయితాలు."

భాను చేతిలో టేపు ఆగింది. "నీకు చెప్దామనే అనుకున్నాను. నువ్వు కొయ్యూరెళ్లిపోయావు. ఆయన ఈ మధ్యాహ్నమే వచ్చేస్తన్నారు. టైము లేకపోయింది."

ఆయన అంటే సత్యనారాయణ. విశాఖలో ఇలాంటిదే కాస్త పెద్ద దుకాణం ఇంటర్నెట్‌లో నడుపుతున్నాడు. భాను 'కొండపంట'ని ఆయనకి అమ్మేస్తోంది. అమ్మే సంగతి చిట్టెమ్మకి తెలుసు, ఒప్పుకుంది కూడా. అల్లుడు ఫల్గుణకి టీచరు ఉద్యోగం వచ్చి డొంకరాయిలో వేశారు. అక్కడ ఫోనే సరిగ్గా పలకదు, వెబ్‌సైట్ ఎక్కడ నడుస్తుంది? ఆరో నెల నిండాక ఘాట్ రోడ్డు మీద బస్సెక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. కొండ దిగితే ఇప్పుడే దిగాలి.

"అమ్ముతానన్నావు, సరే అన్నాను. ఆళ్ల యేలిముద్రలు ఎందుకమ్మా?"

"వెల కట్టడానికి." భాను విసుగ్గా అన్నా ఓపిగ్గానే చెప్పింది. "విను. మనకి ఏడాదికి అన్నీ పోను లక్షా అరవై వేలు మిగుల్తన్నాది. వెబ్‌సైటూ, పేరూ, కొన్నవాళ్ల అడ్రసులూ మాత్రమే ఇస్తే ఆయన ఒక్క ఏడాది లాభం ఇస్తానన్నాడు. సరుకు ఖాయంగా వస్తాదని కాగితం మీద చూపిస్తే రెండున్నర రెట్లు. అంటే నాలుగు లక్షలు. సరుకు తెచ్చేవాళ్లు ఇరవైరెండు మంది. ఇరవైరెండు వేలిముద్రలు. అంతే!"

"అంతేనా?"

"మరేటి? వాళ్లు ఎలాగూ మనకే తెస్తన్నారు కదా. ఉన్నదే రాశాం."

"సదువు."

"ఇంగ్లీషులో ఉందమ్మా."

"మన మాటల్లో సదువు. ఆళ్లకి సదివినావా?"

భాను లేచి, ఇనప్పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఇరవైరెండు కాగితాలు. ఒక్కోదాని కింద మబ్బుముక్కలాంటి నీలపు ముద్ర. చిట్టెమ్మ వాటిని తాకలేదు, వెనక్కి జరిగింది.

భాను మొదటి కాగితం పట్టుకుని, ఇంగ్లీషు చూస్తూ మెల్లగా తెలుగులోకి మార్చింది. "ఫలానా ఊరు గురుబారి అను నేను... నా పొలంలో పండే రాజ్మా, పసుపు, పిప్పళ్లు... పంట మొత్తం... ఐదేళ్ల వరకు ఈ కంపెనీకే అమ్ముతాను. వేరెవరికీ అమ్మను, ఇవ్వను. ధర ప్రతి ఏటా కంపెనీ నిర్ణయిస్తుంది. తప్పితే నష్టం కట్టుకుంటాను."

"మొత్తమంటే?"

"మొత్తమే."

"ఇంట్లో వొండుకునేది?"

భాను కాగితం మళ్లీ చూసింది. "అది రాయలేదు."

"సొంబారి తన కూతురింటికి సేటెడు గింజలు పట్టుకెల్తే?"

"... ఇవ్వకూడదనే ఉంది."

"ఇత్తనానికి?"

భాను కాగితం మీంచి తలెత్తింది. ఇంగ్లీషులో రెండుసార్లు చదివింది ఆ కాగితాన్ని. అప్పుడు మామూలు కాగితంలాగే కనపడింది. తల్లికి చెప్పడానికి నోరు తిప్పేసరికి ఆ మాటలు ఏమిటో తెలిసివచ్చాయి. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒప్పుకుంటే నాలుగు లక్షలు పోతాయి.

"అమ్మా, ఇలాంటివన్నీ ఊరికే రాస్తారు. ఎవరూ కోర్టుకెక్కరు. మాట వరసకి."

"మా అయ్యకీ అలగే సెప్పినారు."

చిట్టెమ్మ చాప మీద కూలబడింది. గొంతు పెద్దది చెయ్యలేదు, చేస్తే ఏడుపు వచ్చేస్తుందని ఆవిడకి తెలుసు.

"నాకు తొమ్మిదేళ్లు. సంతకెల్లి మా అయ్య నీలం యేలేసుకుని నవ్వుకుంటా వొచ్చినాడు. కింద దేశం సావుకారు కాయితం తెచ్చినాడంట, యేలు ఏసినోళ్లకి కంబళ్లిత్తారంట. 'సూడే గుంటా' అని నాకు యేలు సూపించినాడు. కంబళ్లు రానేదు. సింతపండు కాలానికి సావుకారొచ్చినాడు, కూడా ఇద్దరు మనుషులొచ్చినారు. మా పంతొమ్మిది సింతసెట్లూ ఆడివేనంట. సెట్టెక్కితే దొంగతనమంట. మేం ఆ సెట్ల కిందే నిలబడి, రాలిన కాయ కూడా ఒంగి తియ్యనేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఏటని సెప్పను? మా అయ్య ఎర్రోడని సెప్పనా? ఆరోజు సాయంత్రం గెడ్డ నీళ్లలోకెల్లి, రాతి మీద యేలు పెట్టి రుద్దీసుకున్నాడు. తోలు పోయినాది, నెత్తురు కారినాది, ఐనా రుద్దినాడు. మళ్లీ ఎవుడూ ఆ యేలు అడక్కూడదని. నానూ మాయమ్మా సెయ్యి పట్టుకు లాగినాం, వొదల్నేదు."

భాను కాగితాలు కింద పెట్టేసింది. తాత సుక్రు పోయేనాటికి తనకి పదేళ్లు. ఆయన వేలు పట్టుకుని సంతకి వెళ్లేది. ఆ కుడి బొటనవేలు గులకరాయిలా నున్నగా ఉండేది, దాని మీద గీతలు లేవు. 'ఎందుకు తాతా?' అంటే 'పని సేసి సేసి అరిగిపోనాదమ్మా' అనేవాడు. ఇన్నేళ్లూ అదే నిజమనుకుంది.

"అమ్మా..."

"అందుకే నాను ఎక్కడా యేలు ఎయ్యను. సంతోషమ్మ టీచరు కాళ్లట్టుకుని నా పేరు మూడచ్చరాలూ నేర్చుకున్నాను. అలాటిది నా కడుపున పుట్టిన గుంట ఇరవైరెండిళ్లకి ఎల్లి..." ఆ నీలపు ముద్రల వైపు చెయ్యి చూపించింది. "నాకు బయమేత్తంది భానూ. ఆ సావుకారు పోయినాడు కదా అనుకున్నాను. మా ఇంటోంచే మళ్లీ బయలెల్తాడనుకోనేదు."

ఆ మాట భానుకి చెంపదెబ్బలా తగిలింది. ఏడుస్తూనే కోపంగా అంది: "నాకు మాత్రం భయం లేదేటి? పోయినసారి ఏడో నెల్లో ఏటయిందో నీకు తెలీదా? నీ అల్లుడు ఎక్కడో, నేనిక్కడ, జీపు దొరికేసరికి అంతా అయిపోయింది. ఈసారి విశాఖలో పెద్దాసుపత్రిలో పురుడు పోసుకోవాలి. ముందే వెళ్లి అక్కడ ఇల్లు తీసుకోవాలి, డొంకరాయి పురుడయ్యాకే. దానికి డబ్బు కావాల. అది ఒక్కటే చూశాను, ఇంకేటీ చూడలేదు. కొండెక్కుతుంటే ఒక్కొక్క అడుగుకీ కడుపు పట్టుకున్నానమ్మా!"

చిట్టెమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఎవరి భయం ఎవరిదో తెలియకుండా రెండూ ఒక్కటైపోయాయి. సరిగ్గా అప్పుడే బయట కారు ఆగిన చప్పుడు వినపడింది. ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

సత్యనారాయణ చెడ్డవాడేం కాదు. చెప్పులు వాకిట్లో విడిచాడు, చిట్టెమ్మకి నమస్కారం పెట్టాడు, కాఫీ ఇస్తే చాలా బాగుందన్నాడు. తర్వాత జేబులోంచి కళ్లజోడు తీసి, "ఏదమ్మా, అన్నీ అయ్యాయా?" అన్నాడు.

భాను చేతిలో కవరు ఉంది. ఆయన చెయ్యి చాపాడు. చిట్టెమ్మ కూతురి చేతినే చూస్తోంది. కవరు చేతులు మారడానికి ఎంతసేపు పడుతుంది? చింతచెట్లు పోవడానికి కూడా అంతసేపే పట్టింది.

భాను కవరుని వీపు వెనక్కి పెట్టుకుంది. "ఇవి ఇవ్వలేనండి."

"ఏం, వేలు వెయ్యం అన్నారా?"

"వేశారండి. ఏమిటని అడగకుండా వేశారు. అందుకే ఇవ్వలేను."

ఆయనకి అర్థం కాలేదు. భాను చెప్పింది: మొత్తం పంట సంగతి, విత్తనం సంగతి. ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "నేను మోసగాణ్ణి కాదమ్మా. లాయరు ఎలా రాయాలో అలా రాసిచ్చాడు. విత్తనం అడిగితే నేను కాదంటానా?"

"మీరు అనరండి. మీ తర్వాత ఎవరికైనా అమ్మితే, వాళ్లు అనొచ్చు. నేను మీకు అమ్మట్లేదా?"

సత్యనారాయణ కళ్లజోడు తీసేశాడు. "సరే. వేలిముద్రలు లేకపోతే నేను కొంటున్నదేమిటి? ఒక పేరు, కొన్ని ఫొటోలు, పదకొండొందల మంది అడ్రసులు. రేపు ఆ ఆడవాళ్లు ఇంకొకరికి అమ్ముకుంటే నా డబ్బు గంగపాలు. లక్షా అరవై. అంతకి రూపాయి పైన పెట్టలేను. ఆలోచించుకో."

భాను కడుపు మీద చెయ్యి వేసుకుంది. రెండు లక్షల నలభై వేలు గుమ్మంలోంచి బయటికి నడిచి వెళ్తుంటే చూస్తున్నట్టుంది. పెద్దాసుపత్రి, అద్దెఇల్లు, మంచి డాక్టరు. అయినా తల ఊపింది.

అప్పటిదాకా గోడవారగా నిలబడ్డ చిట్టెమ్మ ముందుకొచ్చింది. "బాబూ, ఒక్కమాట. కాయితానికి బయపడి తెచ్చినోళ్లు తాలుగింజ తెత్తారు. కొలత సూసి వొచ్చినోళ్లు మంచిగింజ తెత్తారు. నువ్వు కుంచం కొలిసినాక పిడికెడు ఎనక్కియ్యి. ఎక్కడికీ పోరు."

"దాన్ని లాయరుకి ఏమని చెప్పమంటావమ్మా?"

"ఆయనకెందుకు? ఇక్కడ నాను కొలుత్తాను. వొచ్చి సూడు."

సత్యనారాయణ ఆవిడ వంకా, మూలనున్న కుంచం వంకా చూశాడు. నమ్మాడని చెప్పలేం. కానీ లక్షా అరవైకే సంతకాలు చేసుకున్నారు. సాక్షిగా చిట్టెమ్మ మూడక్షరాలూ రాసింది, ఒక్కో అక్షరానికి ఒక్కో ఊపిరి పీల్చుకుంటూ. డబ్బు సోమవారం బ్యాంకులో వేస్తానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లు కాగితాలు పట్టుకుని బయలుదేరారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాక మాత్రం కడుక్కోక తప్పదు. సగం దూరం జీపు, తర్వాత నడక. పదడుగులకోసారి చిట్టెమ్మ ఆగి కూతుర్ని కూర్చోబెట్టింది. ఇంటింటికీ వెళ్లి భాను కాగితం చూపించి, అందులో ఏముందో చెప్పి, తప్పయిందని చేతులు పట్టుకుని, వాళ్ల ఎదురుగానే చింపింది. సొంబారి గట్టిగానే తిట్టింది. తిట్టి, తాగడానికి అంబలి ఇచ్చింది.

ఆఖరి ఇల్లు గురుబారిది. ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వీళ్లని చూడగానే గాభరాగా లేచింది.

"పెద్దమ్మా, నీకు ఈ కాగితం ఇచ్చేద్దామని వచ్చాను. ఇందులో..." భాను మొదలుపెట్టింది.

గురుబారి కాగితం వంక చూడనే లేదు. చిట్టెమ్మ వంకే చూస్తోంది.

"సిట్టెమ్మా, నావల్ల తప్పేటయ్యింది?"

"నీవల్లా? నీవల్ల తప్పేటప్పా?"

"మరి నిన్న పిడికెడు ఇయ్యనేదేటి? నీ కుంచం కాడికి ఇన్నేళ్ల నుంచీ వొత్తన్నాను. ఎప్పుడూ ఇయ్యకుండా పంపనేదు. గింజలో రాళ్లొచ్చినాయేమో, మాటేటైనా జారినానేమో, ఇంక నా గింజ ఒద్దంటావేమో అని... అన్నం సయించనేదు, కంటిమీద కునుకు నేదు."

చిట్టెమ్మకి అప్పుడు గుర్తొచ్చింది, నిన్న నీలపు వేలు చూసిన భయంలో కొసరు మరిచిపోయిన సంగతి. ఇరవైరెండు ఇళ్ల కోసం తాను వణికింది సరే, ఒక ఇంటిని తనే వణికించింది.

"పెద్దమ్మా," అంది భాను, "వేలు వెయ్యమంటే ఏటని అడగలేదు. పిడికెడు ఇవ్వకపోతే ఇంత భయపడ్డావా?"

"కాయితం సంగతి నాకేటి తెల్సు? అది నువ్వు సదివినావు, నువ్వు సూసుకుంటావు. సిట్టెమ్మ కూతురివి. పిడికెడు సంగతి నాకు తెల్సు కదా."

భాను కాగితాన్ని ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. తర్వాత కింద కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చింది. గురుబారికి ఏమీ పాలుపోక, "కడుపుతో ఉండి ఏడుపేటే గుంటా" అని తల నిమిరింది.

కాసేపటికి భాను కళ్లు తుడుచుకుని లేచింది. మూలనున్న గాదెలోకి చెయ్యిపెట్టబోయి ఆగింది. ఆ గింజలు గురుబారివి, వాటిలోంచి ఇస్తే అది ఇచ్చినట్టు కాదు. తల్లి వైపు తిరిగింది. చిట్టెమ్మ కొంగు ముడి విప్పుతోంది. అందులో సత్యనారాయణకి నమూనా చూపించడానికని నిన్న మూటకట్టి, ఆ కంగారులో విప్పనే విప్పని రాజ్మా గింజలున్నాయి. గురుబారి చాప మీద కుమ్మరించినవే.

చిట్టెమ్మ వాటిని తను పొయ్యలేదు. కూతురి చేతిలో పెట్టింది.

"ఇది ఇత్తనానికి," అంది భాను. తల్లి మాటే అంటూ, తల్లిలాగే పలికింది.

గురుబారి ఒడి పట్టింది. గింజలు రాలాయి. ఆమె వాటిని రెండు చేతులా పోగుచేసి గుప్పిట మూసింది. నీలం ఇంకా పోని బొటనవేలు ఆ గింజల మీదే ఉంది.

"అమ్మయ్య," అంది. "రండి, అన్నం తిందురు గాని."

నిన్నటి నుంచి అన్నం ముట్టలేదని ముగ్గురికీ అప్పుడే గుర్తొచ్చింది.